మోడల్ కొనిపెట్టమంటారా, టీచర్ గారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మార్కుల గురించి కాదు. సైన్స్ ఫెయిర్, ఆటలు, వార్షికోత్సవం డ్యాన్సు, శనివారం నో బ్యాగ్ డే, ఇవే. చదివి చాలా సంతోషం వేసింది. కోనసీమ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా సైన్స్ చెప్పి రిటైరైనదాన్ని, నేను చూసింది, చేసింది, తప్పు చేసి తెలుసుకున్నది రాస్తున్నాను. ఉత్తరాలు పెద్దవి కాబట్టి కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా బాబు జడ్పీ హైస్కూల్లో ఎనిమిది చదువుతున్నాడు. సైన్స్ ఫెయిర్‌కి ఏదో ఒకటి చేయాలని వాడికి ఒకటే ఉబలాటం. మా ఆడపడుచు కొడుకేమో రాజమండ్రిలో రెడీమేడ్ మోడల్ దొరుకుతుంది, రెండున్నర వేలు, స్విచ్ నొక్కితే నీళ్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి అంటున్నాడు. అందరూ అలాగే కొంటున్నారట. కొనిపెట్టమంటారా, టీచర్ గారూ? (ఓ తల్లి, ముమ్మిడివరం)

కొనొద్దమ్మా. డబ్బు దండగని కాదు. ఆ మోడల్ ఇంటికి వచ్చిన రోజే మీ వాడికి చేయడానికి ఏమీ మిగలదు, అందుకు.

మండల స్థాయిలో, డివిజన్ స్థాయిలో చాలా ఏళ్లు జడ్జిగా కూర్చున్నాను. కొన్నది ఏదో, పిల్లలు చేసింది ఏదో ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. "మొదటిసారి చేసినప్పుడు ఎక్కడ పాడైంది?" అని అడుగుతాం. చేసినవాడైతే ఇక ఆగడు, గమ్ము ఊడిపోయింది, తమ్ముడు తొక్కేశాడు, మళ్లీ చేశాను, మోటారు అటు తిరగాల్సింది ఇటు తిరిగింది అని చెబుతూనే ఉంటాడు. కొన్నవాడు అట్ట మీద అంటించిన ఇంగ్లీషు పేరా అప్పజెబుతాడు, మధ్యలో ఒక్క మాట మర్చిపోతే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. ఆ పిల్లాణ్ణి చూస్తే నాకు కోపం రాదు, కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే ఆ తప్పు వాడిది కాదు.

ఒక ఏడాది ఉప్పలగుప్తం వైపు నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. రాత్రి కరెంటు పోతే నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయి ఉంటుంది, ఆ టైములో ఆయనకు కునుకు పడితే పంట మొత్తం పోయినట్టే. ఈ పిల్ల ఏం చేసిందంటే ఒక రిలే (కరెంటు ఉందా పోయిందా అన్నదాన్ని బట్టి దానంతటదే మారే స్విచ్), ఒక బ్యాటరీ, పాత కాలింగ్ బెల్ తీసుకుని చెక్క ముక్క మీద బిగించింది, కరెంటు ఉన్నంతసేపు బెల్ మోగదు, పోయిన క్షణమే మోగుతుంది. రంగు లేదు, థర్మాకోల్ లేదు. "ముందు తిరగేసి కలిపానండి, కరెంటు ఉన్నప్పుడల్లా మోగింది, ఊళ్లో అందరూ తిట్టారు" అని చెప్పింది. కరెంటు వైపు వైరు మాత్రం మోటార్ మెకానిక్ చేత కలిపించానని, తనని ముట్టుకోనివ్వలేదని కూడా దాచకుండా చెప్పింది. జిల్లాకు పంపాం. అక్కడ బహుమతి రాలేదు, ఆ మాటా చెబుతున్నాను. కానీ ఆ బెల్ వాళ్ల నాన్న మకాం దగ్గర తర్వాత కూడా మోగుతూనే ఉందని వాళ్ల మాస్టారు చెప్పారు.

కాబట్టి మీ వాణ్ణి "ఏ మోడల్ చేస్తావురా?" అని అడక్కండి. "మన ఇంట్లో, మన వీధిలో ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడగండి. నాలుగు రోజులు అడగండి, మొదటి రోజే జవాబు రాదు. మీరు మిషన్ కుడతారా, కొబ్బరికాయలు ఒలుస్తారా, ఉప్పుచేప ఆరబెడతారా, ఆ పనిలో మీకు నడుము నొప్పి ఎక్కడొస్తుందో వాడికి చూపించండి. వాడి చేతికి ఒక పాత నోటుబుక్కు ఇచ్చి, రోజూ ఏం చేశాడో, ఏది పాడైందో తేదీ వేసి రాయమనండి. ఆ పుస్తకం పోటీలో మోడల్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంకో విషయం, సైన్స్ మాస్టార్ని 'ఇన్‌స్పైర్ మనక్' గురించి అడగండి. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడుపుతాయి. ఆరో తరగతి నుంచి పిల్లలు తమ సొంత ఆలోచన రాసి ఇవ్వొచ్చు, ఒక్కో బడి నుంచి ఐదు ఆలోచనల వరకు ఆన్‌లైన్‌లో పంపుతారు. ఎంపికైతే నమూనా తయారు చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలోనే పడతాయి. అంటే ముందు డబ్బు పెట్టి కొనడం కాదు, ముందు ఆలోచన పంపించడం. ఇంటర్నెట్‌లో చూసి ఎత్తిరాసింది అక్కడ నిలవదు. మీ వాడి పేరున బ్యాంకు ఖాతా ఉందా, ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా ఉందా, ఇది మాత్రం ఇవాళే చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ప్రైవేటు స్కూలు. కబడ్డీ బాగా ఆడుతుంది, పోయిన ఏడాది జిల్లా వరకు వెళ్లింది. స్కూలు వాళ్లు మాత్రం "వచ్చే ఏడాది టెన్త్, ఇప్పట్నుంచే ఆటలు మాన్పించండి" అని పిలిపించి చెప్పారు. మా ఆవిడ కూడా అదే అంటుంది. పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు. ఏం చేయాలో తోచట్లేదు. (ఓ తండ్రి, భీమవరం)

మాన్పించకండి. అలా అని మీ ఆవిడ భయం ఊరికే కొట్టిపారేసేది కూడా కాదు, ఆవిడతో కూర్చుని లెక్క వేయండి.

స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని విభాగాలుంటాయి. మీ అమ్మాయి ఇప్పుడు అండర్-17లో ఉంది కదా, అంటే టెన్త్‌లో కూడా అదే విభాగం, ఆటలో బలం పెరిగే వయసు సరిగ్గా ఇదే. మండలం, జిల్లా, రాష్ట్రం అని ఎంపికలు చాలావరకు సంక్రాంతి లోపే అయిపోతాయి. టెన్త్ పరీక్షలు మార్చిలో. జనవరి నుంచి ప్రాక్టీసు తగ్గించి చదువు పెంచుకోవచ్చు, దానికి ఇప్పుడే మాన్పించనక్కర్లేదు. రోజుకు గంటంబావు ఆట, అది సాయంత్రం స్టడీ అవర్‌లో కోత పడుతుందంటే పొద్దున్నే పెట్టుకోవాలి. నేను చూసినంతవరకు గ్రౌండ్ నుంచి వచ్చిన పిల్లలు రాత్రి పుస్తకం ముందు నిద్రపోతారు, ఇది నిజం, అందుకే వాళ్లకి చదువు పొద్దున, ఆట సాయంత్రం, లేదా దానికి తిరగేసి, ఏదో ఒకటి కుదుర్చుకోవాలి గానీ రెండూ సాయంత్రమే పెడితే కుదరదు.

మన గోదావరి జిల్లాల వాళ్లం సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి గురించి గర్వంగా చెప్పుకుంటాం. 2000లో అమలాపురంలో పుట్టినవాడు, తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. చిరాగ్ శెట్టితో కలిసి 2022 కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ స్వర్ణం, 2023లో హాంగ్‌జౌలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు, ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. అయితే నేను ఈ మాట మీ అమ్మాయి కూడా అంత ఎత్తుకు వెళ్తుందని చెప్పడానికి రాయలేదు. అంత దూరం వెళ్లేవాళ్లు లక్షల్లో ఒకరు. ఆ తండ్రి ఇంట్లో ఆటని చదువుకు శత్రువుగా చూడలేదు, అది చెప్పడానికి రాశాను. మీ అమ్మాయి జిల్లా దాటకపోయినా సరే, ఓడిపోయి మర్నాడు మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లడం నేర్చుకుంటోంది, ఇది ఏ సబ్జెక్టులోనూ లేదు.

స్కూలుకు మీరిద్దరూ కలిసి వెళ్లండి. పీఈటీ సారుని కూడా ఆ గదిలో కూర్చోబెట్టమని అడగండి, ఆయన లేకుండా ఆటల గురించి మాట్లాడుకోవడమేంటి? ఏ నెలలో ఎన్ని రోజులు బయటికి వెళ్లాల్సి వస్తుందో ఆయన చెబుతారు, ఆ రోజుల పాఠాలు ఎవరు చెబుతారో క్లాస్ టీచర్ చెప్పాలి. పోటీలకు వెళ్లిన ప్రతిసారీ సర్టిఫికెట్ అసలు కాగితం తీసుకుని, పుట్టిన తేదీ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి, తర్వాత తిరగడం చాలా కష్టం. ముందైతే పిల్లకి ఇవాళ అన్నం పెట్టి, మాన్పించట్లేదని చెప్పండి.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. మూడేళ్ల నుంచి వార్షికోత్సవంలో డ్యాన్సులో వెనక వరసే. ముందు వరసలో ఏటా అదే ఐదుగురు పిల్లలు. డ్రెస్సుకి మాత్రం అందరి దగ్గరా 1,800 తీసుకున్నారు. ఈసారి పాప అద్దం ముందు నిలబడి "అమ్మా, నేను నల్లగా ఉన్నానని వెనక్కి పెట్టారు కదా" అంది. నాకు నోట మాట రాలేదు. (ఓ తల్లి, తణుకు దగ్గర పల్లె)

ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టేశాను, వెంటనే రాయలేకపోయాను.

ఎందుకంటే నేనూ ఈ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆగస్టు 15కి భరతమాత వేషం, దేశభక్తి పాట. పాట బాగా పాడే పిల్ల ఒకతి ఉంది, గొంతు గోదారి గాలిలా ఉండేది. కానీ పిల్ల నల్లగా, సన్నగా ఉంటుంది. నేనేం చేశానంటే తెల్లగా ఉన్న ఇంకో పిల్లకి చీర కట్టి ముందు నిలబెట్టి పెదాలు కదపమన్నాను, పాడే పిల్లని పరదా వెనక నిలబెట్టాను. సభ అంతా చప్పట్లు కొట్టింది. నాకు అప్పుడు అందులో తప్పే కనపడలేదు. చాలా ఏళ్ల తర్వాత రావులపాలెం బస్టాండులో ఆ పిల్లే నన్ను గుర్తుపట్టి కాళ్లకి దండం పెట్టింది, చంకలో బిడ్డ. మాటల్లో నవ్వుతూనే అంది, "ఆ రోజు పాడింది నేనేనని ఇంటికెళ్లి చెబితే మా అమ్మ నమ్మలేదండీ." ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ తర్వాత ఏ స్టేజీ మీదా ఏ పిల్లనీ పరదా వెనక పెట్టలేదు, కానీ ఆ పిల్ల విషయంలో చేసింది వెనక్కి తీసుకోలేను.

మీరు చేయగలిగింది చెబుతాను. ఒక్కరే వెళ్లకండి, వెనక వరస పిల్లల తల్లులు ఇంకో నలుగురైదుగురు ఉంటారు, కలిసి హెచ్ఎం దగ్గరికి వెళ్లండి. గొడవకు వెళ్లినట్టు కాకుండా కచ్చితంగా మూడు అడగండి. పాట సగంలో వరసలు మారాలి, వెనకున్నవాళ్లు ముందుకి రావాలి, ఏ డ్యాన్సులోనైనా ఇది చాలా తేలిక. ముఖ్య పాత్రలు ఒక పిల్లకి వరసగా రెండేళ్లు ఇవ్వకూడదు. అద్దె డ్రెస్సుల బదులు ఇంట్లో ఉన్న పట్టు పరికిణీ, పంచె, కండువాలతో అయ్యే కార్యక్రమం ఒకటైనా ఉండాలి. కోలాటం ఉంది, హరికథ ముక్క ఉంది, సంక్రాంతికి వెదురుతో కట్టి అలంకరించి మోసే ప్రభల ఊరేగింపు ఉంది, జగ్గన్నతోట ప్రభల తీర్థం 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీలో నడిచింది కదా, అది పిల్లల చేత అట్టలతో, వెదురుతో చేయిస్తే క్లాసు మొత్తం పని చేయొచ్చు, అందరూ మోయొచ్చు.

పాపకి మాత్రం "నువ్వు నల్లగా లేవు" అని చెప్పకండి. అలా అంటే నలుపు తప్పని ఒప్పుకున్నట్టే. "నల్లగానే ఉన్నావు, బాగున్నావు, వాళ్లు చేసింది తప్పు" అనండి, అంతే చెప్పండి.

ప్రశ్న: మేము కూలి పనికి వెళ్లేవాళ్లం. మా పెద్దబ్బాయి గవర్నమెంటు బడిలో ఎనిమిది. వాళ్ల సారు ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయించమంటున్నారు. అది దేనికి పనికొస్తుంది? కోచింగ్ పెట్టించాలా? (ఓ తండ్రి, పి.గన్నవరం)

తప్పకుండా రాయించండి. అది కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష. ఎంపికైతే ఏడాదికి 12,000 రూపాయల చొప్పున తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు నాలుగేళ్లు వస్తాయి, అంటే మొత్తం 48,000. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 50 చాలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది, ప్రైవేటు వాళ్లకి లేదు.

పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు. ఒకటి ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు, సైన్స్, సోషల్. రెండోది మెంటల్ ఎబిలిటీ, వరసలో తర్వాత వచ్చే అంకె ఏది, బొమ్మల్లో తేడాగా ఉన్నది ఏది, అలాంటివి. ఈ రెండోది మన పిల్లలకి కొత్త, తెలివి లేక కాదు, అలాంటి ప్రశ్న ఎప్పుడూ చూడక తడబడతారు. కోచింగ్‌కి డబ్బు పెట్టకండి. పాత ప్రశ్నపత్రాలు ఐదారు సారు దగ్గర తీసుకుని ఆదివారం ఆదివారం గడియారం పెట్టుకుని రాస్తే సరిపోతుంది. సారే పిలిచి చెప్పారంటే ఆయన మీ వాడిలో ఏదో చూశారు, ఆయన్నే పట్టుకోండి.

వచ్చాక రెండు జాగ్రత్తలు. ప్రతి ఏడాదీ ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయించాలి, మర్చిపోయి పోగొట్టుకున్న పిల్లలు నాకు చాలామంది తెలుసు. ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చేరితే ఆగిపోతుంది, ఈ సంగతి టెన్త్ అయిన వేసవిలో కాలేజీల వాళ్లు ఇంటికొచ్చి మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి.

ప్రశ్న: పక్కింటి అబ్బాయికి షోకేసు నిండా కప్పులు. మా వాడికి అన్నీ 'పాల్గొన్నందుకు' అని ఇచ్చే కాగితాలే. వాళ్లమ్మ స్టేటస్‌లో పెట్టినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. (ఓ తల్లి, కాకినాడ)

బాధ ఉండటం సహజమేనమ్మా. కానీ ఆ బాధ మీ వాడికి తెలుస్తోందా అన్నదే నా ప్రశ్న. ఎన్నిసార్లు గెలవకపోయినా మళ్లీ పేరిస్తున్నాడంటే ఆ పిల్లాడికి ఆ పని ఇష్టం, ఇది చాలా పెద్ద విషయం. ఒకసారి ఆ కాగితాలన్నీ నేల మీద పరిచి, ఒక్కోటి చూపించి ఆ రోజు ఏం చేశాడో చెప్పమనండి. కప్పులు లేవని కాకుండా ఏది ఎక్కువ సేపు చెబుతున్నాడో గమనించండి. బొమ్మలా, క్విజ్జా, పరుగా? అక్కడే మంచి గురువుని వెతకండి. స్టేటస్‌లు ఒక నెల చూడటం మానేస్తే మీకూ మంచిది.

ప్రశ్న: మాది లంక గ్రామం. ప్రాథమికోన్నత పాఠశాల, 46 మంది పిల్లలు. డ్రాయింగ్ టీచర్ లేరు, మ్యూజిక్ టీచర్ లేరు, గ్రౌండ్ సగం వరదకి కోసుకుపోయింది. శనివారం నో బ్యాగ్ డే అంటే పిల్లలకి సంబరమే, నాకు మాత్రం శుక్రవారం నుంచే టెన్షన్. రూపాయి ఖర్చు లేకుండా ఏం చేయించగలను? (ఓ ఉపాధ్యాయిని, కోనసీమ)

అమ్మా, మీ ఉత్తరం చూసి నాకు మళ్లీ ఉద్యోగంలో చేరాలనిపించింది. లంకలో ఉన్న బడికి ఉన్నంత సరంజామా పట్నంలో ఏ బడికీ లేదు, నేను మీ మనసు కుదుటపడాలని అనడం లేదు, చెబుతాను చూడండి.

ఇది వరదల కాలం. పిల్లల చేత వరద పుస్తకం పెట్టించండి. పేపర్లో, టీవీలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం రోజూ వస్తుంది, ఒక జట్టు అది రాయాలి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఈ మూడు గీతలు గ్రాఫ్ కాగితం మీద ముందే ఎర్ర పెన్సిల్‌తో గీయించండి, రోజూ ఒక చుక్క పెట్టి కలుపుకుంటూ పోతే గ్రాఫ్ పాఠం దానంతటదే అయిపోతుంది. మొదటి హెచ్చరికప్పుడు సుమారు 10 లక్షల క్యూసెక్కులు అంటారు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, దాదాపు 28.3 లీటర్లు. మరి సెకనుకి ఎన్ని లీటర్లు, బడి మీద ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకులు సెకనుకి ఎన్ని నిండుతాయి? లెక్క వేయనివ్వండి, 28,300 ట్యాంకులని తేలాక వాళ్ల మొహాలు చూడండి. ఒక్క మాట, రీడింగ్ పేరుతో ఏ పిల్లనీ రేవులోకి, ఏటిగట్టు మీదకి పంపకండి, అంకెలు పేపర్లోవే చాలు.

వానకి మాత్రం సొంత కొలత పెట్టుకోవచ్చు. నిలువుగా ఉండే ప్లాస్టిక్ సీసా మెడ కోసి, ఆ ముక్కనే గరాటులా తలకిందులుగా పెట్టి, అడుగున గులకరాళ్లు వేసి, సమంగా అయ్యేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత గీసి, పైన స్కేలు అంటించడమే. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి చూసి రాసి, మళ్లీ సున్నాకి తేవాలి. వంతులవారీగా 46 మందికీ వస్తుంది.

తర్వాత పెద్దవాళ్ల దగ్గరికి పంపండి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉన్నారు. నీళ్లు ఎంతవరకు వచ్చాయి, గొడ్లని ఎక్కడ కట్టారు, ఎన్ని రోజులు అన్నం ఎలా వండుకున్నారు, పిల్లలు అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకురావాలి. 2022 జులై వరద పిల్లలకే కొంచెం కొంచెం గుర్తుండొచ్చు. ఆ రెండు మట్టాలు ఊరిపెద్దలు చూపించిన చోట గోడ మీద గీతలు గీసి ఏడాది రాయించండి. తెలుగు, సోషల్, బొమ్మలు అన్నీ అందులోనే వచ్చాయి.

నో బ్యాగ్ డే అసలు ఉద్దేశం కూడా ఇదే. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల్లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని రాశారు. మీకు డ్రాయింగ్ టీచర్ లేకపోతేనేం, ఊళ్లో పీచు తాడు పేనే ఆవిడ ఉంటారు, లేసు అల్లే పెద్దమ్మ ఉంటారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ అల్లిక చేతులాడించి చూపించమంటే ఏ అవ్వ కాదంటుంది? అబ్బాయిల్ని కూడా కూర్చోబెట్టండి, నేను కూర్చోబెట్టాను, బాగా అల్లారు. ఇంకో శనివారం పడవ నడిపేవాళ్లని గట్టుకి పిలిచి, నీటి రంగు, సుడి చూసి వాళ్లకి ఏం తెలుస్తుందో చెప్పించండి. మరో శనివారం అందరినీ ఇంటి నుంచి గుప్పెడు వడ్లు తెమ్మనండి, ఏ రకమో పేరు అడిగి రావాలి. స్వర్ణ అని ఎవరో ఒకరు తెస్తారు, దాని అసలు పేరు ఎంటీయూ 7029, ఎంటీయూ అంటే మారుటేరు, మన పశ్చిమ గోదావరి పరిశోధన కేంద్రంలోనే పుట్టి 1982లో విడుదలైన రకం అని చెబితే పిల్లలకి సైంటిస్టులు ఎక్కడో అమెరికాలోనే ఉండరని అర్థమవుతుంది.

ప్రయాణానికి వీలైతే ఏడాదికి ఒక్కసారి ధవళేశ్వరం కాటన్ మ్యూజియం చూపించండి. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట కథ, ఇప్పటి బ్యారేజీ 175 గేట్లు, చూసొచ్చాక వరద పుస్తకంలో అంకెలు వాళ్లకి వేరేలా కనపడతాయి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు పెడతారు. పంటు మీద ఏరు దాటించే మనిషి దొరికితే నలుగురినైనా తీసుకెళ్లండి.

ఇక పిల్లలు సాధించినవి ఎక్కడ రాస్తున్నారు? బహుమతుల బోర్డు మీదైతే ఐదుగురి పేర్లకే చోటు. 46 పేజీల రిజిస్టరు ఒకటి కుట్టండి, ఒక్కొక్కరికి ఒక పేజీ. నాటు పడవకి ముడి వేయడం నేర్చుకున్నాడు, వర్షం కొలత పదిహేను రోజులు తప్పకుండా రాసింది, మొదటిసారి ప్రార్థనలో గట్టిగా చదివాడు, ఇలాంటివి తేదీతో రాయండి. సంవత్సరం సగం అయ్యేసరికి ఏ పేజీ ఖాళీగా ఉందో కనపడుతుంది. ఆ పిల్ల మీద ఆ తర్వాతి శనివారం దృష్టి పెట్టండి. నా సర్వీసులో నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఈ ఖాళీ పేజీలే.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. నేను ఏడో తరగతి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామ్మూర్తి గారి గురించి మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. మాస్టారు రాసిచ్చారు కానీ అందులో మాటలు నాకు నోరు తిరగట్లేదు. స్టేజీ ఎక్కితే కాళ్లు వణుకుతాయి. మానేయనా? (ఓ విద్యార్థి, అంబాజీపేట)

మానేయకు నాన్నా. కాళ్లు వణకడం అందరికీ ఉంటుంది, నాకు రిటైరైన రోజు కూడా వణికాయి. బల్లకి ఒక చెయ్యి ఆనించి నిలబడు, మొదటి వాక్యం తప్పకుండా వచ్చేలా చూసుకో, మిగతాది వస్తుంది.

మాటలు నోరు తిరగట్లేదన్నావు చూడు, ఆ మాట మీదే గిడుగు వారు జీవితమంతా పోరాడారు. 1863 ఆగస్టు 29న పుట్టారు ఆయన. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించారు, సవర భాషకి నిఘంటువు రాశారు. మన తెలుగు పిల్లలు కూడా ఎవరికీ అర్థంకాని గ్రాంథికంలో కాకుండా, జనం మాట్లాడే తెలుగులో చదువుకోవాలని గట్టిగా వాదించారు. ఆయన గురించి నీకు రాని మాటల్లో మాట్లాడితే ఎలా?

మీ మాస్టారి కాగితం తీసుకెళ్లి ఆయనకే చూపించి, "సార్, ఇది నా మాటల్లో చెప్పుకుంటానండి" అని అడుగు. ఆయన తప్పకుండా ఒప్పుకుంటారు. ఇప్పుడు నేను చెప్పిన నాలుగు సంగతులు మీ నాన్నమ్మకి చెప్పు, మంచం మీద కూర్చోబెట్టి చెప్పు. ఆవిడ ఎక్కడ "ఏంటీ?" అని అడిగితే అక్కడ మాట మార్చు. ఐదు రోజులు ఆవిడకి చెప్పాక ఆరో రోజు మీ క్లాసులో నీ పక్క బెంచీ వాళ్లకి చెప్పు. ఆ తర్వాత స్టేజీ.

29న ఎలా జరిగిందో నాకు ఒక కార్డు రాయి. మధ్యలో ఆగిపోయినా రాయి, ఏ మాట దగ్గర ఆగిపోయావో అది కూడా రాయి.